ఆడవాళ్ల గుండెపోటు ‘గ్యాస్’ కింద ఎందుకు కొట్టుకుపోతోంది?

‘ఆడవాళ్లకు గుండెపోటు వస్తే ఛాతీ నొప్పి రాదు, నీరసం, వాంతులు మాత్రమే ఉంటాయి’ అనే మెసేజ్ మీ ఫోన్‌కూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం ప్రాణాల మీదికి తెచ్చేది. ఛాతీ బరువెక్కిన ఆవిడ ‘మనకి ఛాతీలో రాదంట కదా’ అని పడుకుండిపోవచ్చు. నాలుగు రోజులుగా ఒట్టి నీరసంగా ఉన్న ఇంకో ఆవిడ ఇది గుండెపోటేనేమో అని తెల్లవార్లూ టెన్షన్ పడవచ్చు.

ఆడవాళ్ల గుండెపోటుకూ మగవాళ్ల గుండెపోటుకూ తేడాలున్న మాట నిజమే. అయితే ఆ తేడా అంతా శరీరంలోనే లేదు. ఆ లక్షణాలను ఇంట్లో వాళ్లు ఎలా తీసుకుంటున్నారు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఏమంటున్నాడు, ఆసుపత్రిలో ఏ పరీక్ష ఎప్పుడు చేస్తున్నారు అనే వాటిలోనే పెద్ద తేడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికి కొన్ని స్థానిక కారణాలు కూడా తోడవుతున్నాయి.

ముందు గుండెపోటు అంటే ఏమిటి

ఒళ్లంతటికీ రక్తం పంపే గుండె కూడా ఒక కండరమే. ఆ కండరానికి రక్తం కరోనరీ ధమనులనే రక్తనాళాల ద్వారా అందుతుంది. వయసుతో, సుగరుతో, బీపీతో, పొగతో వాటి గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ పూడిక పైపొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఆ నాళం మీద ఆధారపడిన కండరం రక్తం అందక చచ్చుబడడం మొదలవుతుంది. దీన్నే గుండెపోటు అంటాం.

దీనితో కలిపేసే మాటలు ఇంకో రెండున్నాయి. దారి పూర్తిగా మూసుకోకుండా సన్నబడితే, గట్టు ఎక్కినప్పుడో బిందె మోసినప్పుడో ఛాతీ పట్టేసి, కాసేపు ఆగితే సర్దుకుంటుంది. అది ఏంజైనా. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె కొట్టుకోవడమే ఆగిపోవడం. గుండెపోటు దానికి దారితీయవచ్చు, కానీ రెండూ ఒకటి కాదు.

గుండె నొప్పి ఇదిగో ఇక్కడ అని వేలితో చూపించేలా ఉండదు. గుండె నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో చేరే చోటికే భుజం, చెయ్యి, ఛాతీ గోడల నుంచి వచ్చే నరాలూ చేరతాయి. ఆ కబురు ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు కచ్చితంగా తేల్చుకోలేదు. అందుకే జబ్బ లాగుతుంది, దవడ పట్టేస్తుంది, వీపు మధ్యలో ఏదో నొక్కుతున్నట్టుంటుంది, పై కడుపులో మంటగా ఉంటుంది. ఇది మగవాళ్లకైనా అంతే. ఆడవాళ్లకు వేరే నరాలేమీ లేవు.

ఛాతీ నొప్పి ఉంటుందా, ఉండదా?

ఈ ప్రశ్నకు పరిశోధనలు పైకి ఒకదానికొకటి పొంతన లేని జవాబులిస్తాయి. గందరగోళం ఇక్కడి నుంచే మొదలైంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

అమెరికాలో 1994 నుంచి 2006 దాకా గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన 11 లక్షలకు పైగా రోగుల రికార్డులను పరిశీలించి 2012లో ఒక నివేదిక ప్రచురించారు. అందులో ఛాతీ నొప్పి లేకుండా వచ్చినవాళ్లు ఆడవాళ్లలో 100కి 42 మంది, మగవాళ్లలో 100కి 31 మంది. వాట్సాప్ మెసేజ్‌లకు మూలం ఇలాంటి లెక్కలే. కానీ ఇదే లెక్కను తిప్పి చదివితే 100 మంది ఆడవాళ్లలో 58 మందికి ఛాతీ నొప్పి ఉంది. మగవాళ్లలోనూ 31 మందికి లేదు. పైగా ఆ ఆడవాళ్ల సగటు వయసు 74, మగవాళ్లది 67. ముసలితనంలో ఆడామగా ఇద్దరిలోనూ ఛాతీ నొప్పి లేని గుండెపోట్లు పెరుగుతాయి. ఆ నివేదికలోనే, చిన్న వయసు ఆడవాళ్లను విడిగా చూస్తే నొప్పి లేనివాళ్లు బాగా తగ్గారు.

అమెరికాలోనే 103 ఆసుపత్రుల్లో 55 ఏళ్లలోపు రోగులతో నేరుగా మాట్లాడి చేసిన వర్గో అనే అధ్యయనం 2018లో వచ్చింది. అందులో 2,009 మంది ఆడవాళ్లు, 976 మంది మగవాళ్లు. నొప్పి ఒక్కటే కాకుండా ఛాతీలో బరువు, బిగుతు, ఇబ్బంది, ఏది చెప్పినా లెక్కలో వేసుకున్నారు. అప్పుడు ఆడవాళ్లలో 87 శాతం, మగవాళ్లలో 89.5 శాతం మందికి ఛాతీ లక్షణం ఉందని తేలింది. దాదాపు సమానం. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో అనుమానంతో ఎమర్జెన్సీకి వచ్చిన రోగుల మీద చేసి 2019లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో, గుండెపోటు నిర్ధారణ అయిన ఆడా మగా ఇద్దరిలోనూ 93 శాతం మంది ఛాతీ నొప్పి చెప్పారు.

మరి తేడా ఎక్కడుంది? వర్గోలోనే ఉంది. ఛాతీ లక్షణంతో పాటు మూడు లేదా అంతకంటే ఎక్కువ ఇతర లక్షణాలున్నవాళ్లు ఆడవాళ్లలో 62 శాతం, మగవాళ్లలో 55 శాతం. వికారం, కడుపులో ఇబ్బంది, గుండె దడ, దవడ, మెడ, వీపు నొప్పి, ఆయాసం అన్నీ కలగాపులగంగా వస్తాయి. ఈ గుంపులో ఛాతీ మాట వెనక్కి పోతుంది. ‘ఏమైందమ్మా’ అంటే ఆవిడ ముందు వాంతి గురించి చెబుతుంది, తర్వాత నీరసం, ఆ తర్వాత నడుము. ఛాతీ బరువు నాలుగో మాటగానో ఐదో మాటగానో వస్తుంది. వినేవాళ్లకు అప్పటికే మొదటి మాట దగ్గర ఒక అభిప్రాయం ఏర్పడిపోయి ఉంటుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టిన లెక్క ఇంకొకటుంది. గుండెపోటుతో చేరడానికి ముందే ఇవే లక్షణాలతో డాక్టరు దగ్గరికి వెళ్లామన్నవాళ్లు ఆ అధ్యయనంలో ఆడవాళ్లలో 29.5 శాతం, మగవాళ్లలో 22 శాతం. అంటే ఆడవాళ్లే ఎక్కువగా వెళ్లారు. వాళ్లలో 53 శాతం మంది తమ డాక్టరు దీన్ని గుండె సమస్యగా అనుకోలేదని చెప్పారు. మగవాళ్లలో ఆ మాట చెప్పింది 37 శాతం. ‘ఆడవాళ్లు చెప్పరు, దాచుకుంటారు’ అని మనం తేలిగ్గా అనే మాటకు ఇది గట్టి జవాబు. చాలామంది చెప్పారు. చెప్పినా ఫలితం లేకపోయింది.

నీరసం ఉంటే గుండెపోటేనా?

2003లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, గుండెపోటు వచ్చి కోలుకున్న 515 మంది ఆడవాళ్లను దానికి ముందు రోజుల్లో ఎలా ఉందని అడిగారు. 95 శాతం మంది ఏదో ఒక లక్షణం ముందే ఉందన్నారు. మామూలుగా లేని అలసట 71 శాతం మందికి, నిద్ర పట్టకపోవడం 48 శాతం మందికి, ఆయాసం 42 శాతం మందికి ఉంది. ఇది విలువైన సమాచారమే. కానీ గుండెపోటు రానివాళ్లను ఇదే ప్రశ్న అడగలేదు. జబ్బు వచ్చాక వెనక్కి తిరిగి గుర్తుచేసుకున్న మాటలివి.

ఎందుకు జాగ్రత్తగా చదవాలో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక మండలంలో 2,000 మంది నడివయసు ఆడవాళ్లున్నారనుకోండి. ఈ నెలలో వాళ్లలో 600 మంది ‘ఒంట్లో సత్తువ లేదు’ అన్నారు. అదే నెలలో ఇద్దరికి గుండెపోటు వచ్చింది, ఆ ఇద్దరికీ ముందు నీరసం ఉంది. గుండెపోటు వచ్చినవాళ్ల వైపు నుంచి చూస్తే నూటికి నూరు మందికి నీరసం ఉన్నట్టే. నీరసం ఉన్నవాళ్ల వైపు నుంచి చూస్తే 600 మందిలో 598 మందికి కారణం వేరే.

ఆ వేరే కారణాలకు మన దగ్గర కొదవ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి నీరసం అనగానే ‘రక్తం తక్కువ’ అనుకోవడం వెర్రి ఆలోచనేమీ కాదు. చాలాసార్లు అదే నిజం కూడా. చిక్కల్లా అక్కడితో ఆగిపోవడంలోనే ఉంది.

గుండె మీద అనుమానం పెంచే నీరసానికి కొన్ని గుర్తులున్నాయి. అది కొత్తగా వస్తుంది. పోయిన నెల దాకా అవలీలగా చేసిన పని ఈ వారం సగంలో ఆపించేస్తుంది. పని చేస్తే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. దానితో పాటు ఆయాసమో, చెమటలో, ఛాతీ, దవడ, వీపుల్లో పట్టేసినట్టుండడమో కనిపిస్తుంది. ఆవిడకు సుగరు, బీపీ, పొగ అలవాటు లాంటివి ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఏళ్ల తరబడి ఒకేలా ఉన్న నీరసానికీ, పది రోజుల్లో మనిషిని మార్చేసిన నీరసానికీ చాలా తేడా ఉంది.

నెలసరి ఆగిన తర్వాత

ఆడవాళ్లకు గుండెపోటు మగవాళ్ల కంటే ఆలస్యంగా వస్తుంది. 52 దేశాల్లో జరిగి 2004లో ప్రచురితమైన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం మొదటి గుండెపోటు ఆడవాళ్లలో సగటున తొమ్మిదేళ్లు వెనకబడి ఉంది. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ రక్తనాళాలకు కొంత రక్షణ ఇస్తుంది, నెలసరి ఆగాక అది తగ్గుతుంది. అదే అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మిగతా దేశాల వాళ్లకంటే ఐదారేళ్లు ముందే గుండెపోటు వచ్చింది.

ఆంధ్రలో దీనికి ఇంకో ముడి ఉంది. గర్భసంచి తీసే ఆపరేషన్లు మన రాష్ట్రంలో చాలా ఎక్కువ. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి ఈ ఆపరేషన్ జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం. గర్భసంచి ఒక్కటే తీస్తే ఒక రకం, దానితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఇంకో రకం. అండాశయాలు చిన్న వయసులోనే పోతే ఆ రక్షణ ఒక్కసారిగా పోతుంది, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. చాలామందికి తమకు ఏమేం తీశారో తెలియదు, ఆ కాగితాలూ దాచరు. అందుకే ‘మీకు ఇంకా నలభై రెండేళ్లే కదా’ అని ధైర్యం చెప్పేముందు ఆపరేషన్ సంగతి అడగడం అవసరం.

గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరగడం, గుర్రపువాతం (ఆ బీపీ ముదిరి ఫిట్స్ దాకా తెచ్చే ప్రీఎక్లాంప్సియా, ఎక్లాంప్సియా), గర్భంలో వచ్చిన సుగరు కాన్పుతో పోయాయని మర్చిపోతాం. గుర్రపువాతం వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. మగవాళ్ల కోసం తయారైన ప్రశ్నల జాబితాలో ఈ ప్రశ్న ఎలాగూ ఉండదు.

అడ్డపొగ, ఉద్దానం కిడ్నీలు

‘సిగరెట్ తాగుతారా’ అని ఆడమనిషిని అడిగే అలవాటు మన క్లినిక్‌లలో తక్కువ. ఉత్తరాంధ్ర తీరం వెంబడి పల్లెల్లో వయసు మళ్లిన ఆడవాళ్లకు చుట్ట అలవాటు తరాలుగా ఉంది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ ఈ ప్రాంతంలో పేరుపడ్డ అలవాటు. వైద్యులు దీన్ని అంగిలి క్యాన్సర్ కోణంలో దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. గుండె సంగతి వచ్చేసరికి దీన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. పొగ తాగడం వల్ల పెరిగే గుండె జబ్బు ముప్పు మగవాళ్ల కంటే ఆడవాళ్లలో పాతిక శాతం ఎక్కువని అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2011లో తేల్చింది. ‘పొగ అలవాటు లేదు’ అని కేస్ షీట్‌లో రాసేముందు ‘మామ్మా, చుట్ట కాలుస్తావా’ అని ఒక్క మాట అడగాలి.

రెండోది కిడ్నీలు. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అని పిలిచే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు తెలియని ఇల్లు ఉండదు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు గుండె జబ్బు ముప్పును పెంచుతుంది. అంతేకాదు, దాన్ని కనిపించకుండా చేస్తుంది కూడా. ఇలాంటి రోగుల్లో గుండెపోటు ఛాతీ నొప్పిగా కంటే ఆయాసంగా కనిపించడం ఎక్కువ. ఆయాసం వస్తే ‘ఒంట్లో నీరు చేరింది, డయాలసిస్ ఆలస్యమైంది’ అనుకుంటారు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ కిడ్నీ రోగుల్లో చాలామందికి ఎప్పుడూ కాస్త ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి ఒక్కసారి చేసిన పరీక్షతో తేలదు, కొన్ని గంటల తేడాతో మళ్లీ చేసి పెరుగుతోందా అని చూడాలి. గుండె నాళాల్లో పూడికలు చూసే యాంజియోగ్రామ్‌కు వాడే మందు కిడ్నీల మీద భారం వేస్తుందన్న భయంతో ఆ పరీక్షకు వెనకాడడమూ ఉంది. ఆ భయం నిరాధారం కాదు. కానీ చేయకపోవడానికీ ఒక మూల్యం ఉంటుంది. ఆ రెండింటినీ తూచి చెప్పాల్సింది గుండె, కిడ్నీ డాక్టర్లిద్దరూ కలిసే.

సుగరు సంగతి అందరికీ తెలిసిందే అయినా ఒక్క మాట చెప్పాలి. ఏళ్ల తరబడి సుగరుంటే నరాలు మొద్దుబారి నొప్పి కబురే సరిగ్గా అందదు. ఇది ఆడామగా తేడా లేకుండా వర్తిస్తుంది. అయితే సుగరు వల్ల పెరిగే గుండె ముప్పు ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ.

ఒక సాయంత్రం ఎలా జారిపోతుందంటే

ఇది ఊహించి చెబుతున్నదే, కానీ ఇందులో ఏ మలుపూ మనకు కొత్త కాదు. పలాస దగ్గర జీడిపప్పు షెడ్డులో పనిచేసే 54 ఏళ్ల ఆవిడ అనుకుందాం. పొద్దున్నుంచి కింద కూర్చుని, తల వంచి, గుళ్ల మీద పొట్టు ఒలిచే పని. భుజాలు, మెడ, వీపు నొప్పి ఈ పనిలో ఉన్నవాళ్లకు రోజూ ఉండేదే. ఆరేళ్లుగా సుగరు. నాలుగు రోజులుగా షెడ్డు నుంచి ఇంటికి నడిచేటప్పుడు మధ్యలో ఆగాల్సి వస్తోంది.

గురువారం రాత్రి 7 గంటలకు వీపు పైభాగం, దవడ పట్టేశాయి. ఒళ్లంతా చెమట, కడుపులో తిప్పడం. కోడలు ‘అత్తా, ఏటైనాది’ అని అడిగితే ‘ఏటీ లేదే, గేస్ పట్టేసినట్టుంది’ అంది. ఈనో కలిపి ఇచ్చారు. 8:30కి ఆర్‌ఎంపీ వచ్చాడు. బీపీ చూశాడు, నీరసంగా ఉందని సెలైన్ పెట్టాడు, గ్యాస్‌కు ఇంజెక్షన్ చేశాడు. కాస్త తేలికపడినట్టయింది. 11 గంటలకు మళ్లీ వచ్చింది, ఈసారి ఊపిరి ఆడటం లేదు. కొడుకు ఆటో మాట్లాడేసరికి, ఆసుపత్రికి చేరేసరికి 12:30. ఐదున్నర గంటలు గడిచిపోయాయి.

ఇందులో ఎవరూ నిర్లక్ష్యంగా లేరు. కోడలు అడిగింది, ఆర్‌ఎంపీ రాత్రిపూట ఇంటికొచ్చాడు, కొడుకు ఆటో తెచ్చాడు. అందరూ తమకు తెలిసిన మామూలు కారణాన్నే నమ్మారు. వీపు నొప్పి షెడ్డు పని వల్ల, నీరసం సుగరు వల్ల, మంట గ్యాస్ వల్ల అని విడివిడిగా ప్రతిదానికీ ఒక జవాబు దొరికింది. అన్నీ ఒకే గంటలో, చెమటలతో కలిసి ఎందుకొచ్చాయన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు.

గ్యాస్ మందుకు తగ్గింది కాబట్టి గుండె కాదు అనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. గుండె నొప్పి తనంతట తానే వచ్చిపోతూ ఉంటుంది. ఆ తగ్గుదలా మందు వేసిన సమయమూ కలిసిపోతే మందు పనిచేసినట్టే అనిపిస్తుంది. అందుకే మందుకు తగ్గడాన్ని వైద్యులు రుజువుగా తీసుకోరు. ఇక సెలైన్ సంగతి: దెబ్బతిన్న గుండెకు అదనపు నీరు భారమై ఆయాసం పెరగవచ్చు.

ఈసీజీ గదిలో జరిగేది

గుండెపోటు అనుమానంతో వచ్చిన మనిషికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి చూడాలన్నది ప్రపంచమంతటా వైద్యులు పెట్టుకున్న లక్ష్యం. ఆడవాళ్లకు ఇది ఆలస్యమవుతుందని అనేక చోట్ల తేలింది. మన చిన్న ఆసుపత్రుల్లో ఎందుకు ఆలస్యమవుతుందో ఆ గదిలో నిలబడితే అర్థమవుతుంది.

ఈసీజీలో ఆరు బిళ్లలు ఛాతీ మీద అంటించాలి. రెండు రొమ్ము ఎముకకు అటూ ఇటూ, మిగతావి ఎడమ రొమ్ము కింద నుంచి చంక దాకా. చీర పైట తీసి, జాకెట్ విప్పితే తప్ప అవి సరైన చోట పడవు. టెక్నీషియన్ మగవాడు. కర్టెన్ సగం వరకే ఉంటుంది, తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉంటారు. ఆవిడ జాకెట్ మీద చేతులు అడ్డం పెట్టుకుంటుంది. అతనికీ ఇబ్బందే, హుక్కులు రెండు తీయించి బిళ్లలు పైపైనే ఎక్కడో అంటించి కానిచ్చేస్తాడు. బిళ్ల ఒక ఎముక సందు పైకి జరిగినా గీత మారిపోతుంది. ఉన్న మార్పు కనిపించకపోవచ్చు, లేనిది ఉన్నట్టు కనిపించవచ్చు. ఒక నర్సు పక్కన ఉండి ఒక దుప్పటి కప్పితే తీరిపోయే సమస్య ఇది.

మొదటి ఈసీజీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన గుండెపోటు లేదని కాదు. లక్షణాలు తగ్గకపోతే పావుగంటకో అరగంటకో మళ్లీ తీస్తారు. ట్రోపోనిన్ పెరగడానికి కూడా కొన్ని గంటలు పడుతుంది. 7 గంటలకు నొప్పి మొదలైన మనిషికి 8 గంటలకు చేసిన ట్రోపోనిన్ నెగెటివ్ రావచ్చు, 11 గంటలకు అదే పాజిటివ్ కావచ్చు. ‘ఈసీజీ తీయించాం, రక్తపరీక్ష చేయించాం, ఏమీ లేదన్నారు’ అనే మాట విన్నప్పుడు అవి ఎన్నిసార్లు, ఎన్ని గంటలకు చేశారన్నదే అసలు విషయం.

వైద్యుల్లో ఏకాభిప్రాయం లేని చోట్లు

మగవాళ్ల లక్షణాలే ప్రమాణంగా మారడం వెనక చరిత్ర ఉంది. గుండెపోటు నివారణకు ఆస్పిరిన్ పనికొస్తుందా అని 1980లలో అమెరికాలో చేసిన పెద్ద ప్రయోగంలో 22,071 మంది డాక్టర్లు పాల్గొన్నారు, వాళ్లంతా మగవాళ్లే. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లను కొత్త మందుల తొలిదశ పరీక్షల్లోకి తీసుకోవద్దని 1977లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ పెట్టిన నియమం 1993 దాకా సాగింది. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు తొలి మహిళా డైరెక్టర్ అయిన గుండె వైద్యురాలు బెర్నడీన్ హీలీ, ఆడమనిషికి మగవాడిలాంటి జబ్బే ఉందని రుజువయ్యాకే సరైన వైద్యం అందుతోందని ఆ ఏడాదే రాశారు.

ఆడవాళ్ల లక్షణాలను పుస్తకాల్లో ‘అసాధారణ లక్షణాలు’ అని రాసేవారు. జనాభాలో సగం మందికి వచ్చేది అసాధారణం ఎలా అవుతుంది? 2021లో అమెరికా గుండె వైద్య సంఘాలు ఛాతీ నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ మాట వాడడం మానేయమన్నాయి. ‘గుండెది’, ‘గుండెది కావచ్చు’, ‘గుండెది కాదు’ అని మూడుగా చెప్పమన్నాయి. ఇంకో వైపు, ఎడిన్‌బరో అధ్యయనం లాంటివి చూపించి, ఆడవాళ్లకు వేరే లక్షణాల పట్టిక ఇవ్వడమే తప్పని వాదించే వైద్యులున్నారు. ఛాతీ నొప్పే అందరికీ ముఖ్య లక్షణమని చెప్పకపోతే ఆడవాళ్లే ఎక్కువ నష్టపోతారన్నది వాళ్ల మాట. నాకు ఈ వాదనే ఎక్కువ సబబుగా తోస్తుంది, అయితే ఒక షరతుతో. ఛాతీ నొప్పి లేకుండా వచ్చే ముసలివాళ్లు, సుగరు, కిడ్నీ రోగులు మన దగ్గర తక్కువ మంది కాదు.

ట్రోపోనిన్ హద్దు మీద కూడా చర్చ ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కంటే తక్కువ ఉంటుంది. అతి సూక్ష్మంగా కొలిచే పరీక్షలో ఆడవాళ్లకు లీటరుకు 16 నానోగ్రాములు, మగవాళ్లకు 34 అని వేర్వేరు హద్దులు పెట్టి స్కాట్లాండ్ పరిశోధకులు 2015లో చూస్తే, ఆడవాళ్లలో గుండెపోటు నిర్ధారణలు 11 శాతం నుంచి 22 శాతానికి రెట్టింపయ్యాయి. సమస్య తీరినట్టే అనిపించింది. కానీ తర్వాత 48 వేల మందికి పైగా రోగులపై చేసిన పరీక్షలో, జబ్బు ఎక్కువమందిలో దొరికినా ఆ తర్వాతి ఏడాదిలో గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు. దొరికిన ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా చికిత్స అందలేదన్నది కూడా ఆ సమాచారంలోనే కనిపించింది. పరీక్ష మెరుగుపడినంత మాత్రాన చికిత్స మెరుగుపడలేదు.

మరణాల సంగతీ అంతే. పైన చెప్పిన 11 లక్షల రికార్డుల్లో ఆసుపత్రిలో చనిపోయిన ఆడవాళ్లు 14.6 శాతం, మగవాళ్లు 10.3 శాతం. ఇందులో కొంత వయసు వల్ల, సుగరు, బీపీ లాంటి ఇతర జబ్బుల వల్ల. వాటిని లెక్కలోంచి తీసేస్తే తేడా తగ్గుతుంది. కానీ చిన్న వయసు ఆడవాళ్లలో ఆ తేడా పూర్తిగా పోదు.

దూరం కూడా ఒక లక్షణమే

గుండెపోటులో మూసుకున్న నాళాన్ని తెరవడానికి రెండు దారులున్నాయి. నాళంలో స్టెంట్ అనే సన్నని జాలీ గొట్టం వేయడం మెరుగైనది, దానికి క్యాథ్ ల్యాబ్ (ఆ పని చేసే ప్రత్యేక గది) కావాలి. అది రెండు గంటల్లోపు అందదనుకుంటే గడ్డను కరిగించే ఇంజెక్షన్. ఇది మొదటి రెండు మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది, 12 గంటల దాకా కొంత ప్రయోజనం ఉంటుంది. అందరికీ పనికిరాదు, ఈసీజీ చూసి డాక్టరు తేలుస్తారు.

శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైనే. ఇచ్ఛాపురం నుంచి రెండు వందలు దాటుతుంది, అందుకే అక్కడివాళ్లు బరంపురం వైపు వెళ్తారు. సాలూరు, సీతంపేట కొండల మీద ఊళ్లయితే రోడ్డు దాకా డోలీలో రావాలి. ఈ దూరాల్లో మొదటి ఈసీజీ విశాఖలో తీయించుకుందామంటే కుదరదు. రాష్ట్రంలో కొన్నేళ్లుగా చిన్న ప్రభుత్వాసుపత్రుల్లో ఈసీజీ తీసి, దాన్ని పెద్దాసుపత్రి గుండె డాక్టరుకు పంపి, ఆయన చెబితే అక్కడే ఉచితంగా ఆ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి తెచ్చారు. మన ఉదాహరణలోని ఆవిడకు 8:30కి ఆ ఈసీజీ అంది ఉంటే, ఇంజెక్షన్‌కు మంచి సమయంలోనే ఉండేది. 12:30కి కూడా పూర్తిగా చేయి దాటిపోలేదు, కానీ ఈలోగా పోయిన కండరం తిరిగి రాదు.

యాంజియోగ్రామ్ నార్మల్ అంటే?

ఆఖరి అడ్డంకి ఇదే. ట్రోపోనిన్ పెరిగింది, ఈసీజీ మారింది, తీరా యాంజియోగ్రామ్‌లో పెద్ద పూడికలేమీ లేవు. ఇలాంటివి మొత్తం గుండెపోట్లలో ఐదారు శాతం ఉంటాయి, ఆడవాళ్లలో ఎక్కువ. ‘అంతా టెన్షనే’ అని పంపేయడం ఇక్కడ తరచుగా జరుగుతుంది.

కారణాలు చాలానే ఉండవచ్చు. యాంజియోగ్రామ్‌లో కనిపించేవి పెద్ద నాళాలే. కండరం లోపలి సన్నని నాళాలు సరిగ్గా విచ్చుకోకపోతే ఆ పరీక్షలో తెలియదు. పూడిక పైపొర కోసుకుపోయి కట్టిన గడ్డ, పరీక్ష చేసేలోపే కరిగిపోవచ్చు. నాళం గోడ లోపలి పొర చీలిపోవడం ఇంకొకటి. ఇది ఎక్కువగా యాభై ఏళ్ల లోపు ఆడవాళ్లలో, కొందరిలో కాన్పు తర్వాతి వారాల్లో కనిపిస్తుంది. వాళ్లకు సుగరు, బీపీ ఏవీ ఉండకపోవచ్చు. 1990లో జపాన్ వైద్యులు వర్ణించిన టకోత్సుబో అనే పరిస్థితి ఉంది. ఇంట్లో చావు లాంటి పెద్ద దెబ్బ తగిలాక గుండె కండరం హఠాత్తుగా ఉబ్బి బలహీనపడుతుంది. నెలసరి ఆగిన ఆడవాళ్లలోనే ఎక్కువ. చాలామంది కోలుకుంటారు, కానీ అది ‘మనసు బాధ’ మాత్రమే కాదు, కొందరు చనిపోతారు కూడా.

వీటిని తేల్చడానికి గుండె ఎంఆర్ఐ లాంటి పరీక్షలు ఉపయోగపడతాయి. అవి శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు తేలిగ్గా అందేవి కావు. అందుబాటులో ఉన్నది మందులు కొనసాగించడం, మళ్లీ చూపించుకోవడం. ‘నార్మల్’ అని రాసిన కాగితం చేతికొచ్చాక ఈ రెండూ ఆగిపోతాయి. ఆ ఫైలు పట్టుకుని ఇంటికొచ్చిన మనిషికి ఆరు నెలల తర్వాత మళ్లీ ఛాతీ పట్టేస్తే, పాత యాంజియోగ్రామ్ చూసి గుండె బాగానే ఉందని తేల్చడానికి లేదు. ఈసీజీ, ట్రోపోనిన్ మళ్లీ మొదటి నుంచి చూడాల్సిందే.